బీప్ వచ్చింది కదా సార్!

ముందే చెప్పేస్తున్నా, ఇది పాటల గురించి కాదు. బేస్ పెంచుకుని రోడ్డున పోయేవాళ్ళని తిట్టడానికి అంతకన్నా కాదు. ఎవరి చెవులు వాళ్ళిష్టం (పక్కింటివాళ్ళ చెవుల సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం). నా కోపమంతా కారు డిక్కీలో రెండో బ్యాటరీ పెట్టించుకునే మన మీద, పెట్టే దుకాణాల మీద, ముఖ్యంగా ఆ బ్యాటరీకి వాళ్ళు వేసే ఎర్తు మీద. అదే, ఆ నల్ల వైరు. ఎర్ర వైరుకి జరిగే మర్యాదలో పదో వంతు కూడా పాపం దానికి జరగదు.

మా ఆఫీసు పార్కింగులో రెండో బ్యాటరీ ఉన్న కార్లు నాకు తెలిసి నాలుగున్నాయి. నలుగురూ ఇంజనీర్లే. ఇద్దరైతే నాలాగే ఈఈఈ చదివి జావా రాసుకుంటున్నవాళ్ళు. తన కారులో ఎర్తు ఎక్కడ బిగించారో వంగి చూసుకున్నవాడు ఒక్కడూ లేడు. పోయిన నెల దాకా నేనూ ఆ బాపతే. కాబట్టి ఈ తిట్లలో నా వాటా నాకుంది, దాని దగ్గరికీ వస్తా.

కథ భోగి రోజున మొదలైంది. మా బావ కారులో ఓ యాంపు, ఓ వూఫరు ఉన్నాయి. తెల్లారగట్ల నాలుగింటికి మా ఊళ్ళో మంట వేశాం, బావ కారు తలుపులు నాలుగూ బార్లా తీసి పాటలు పెట్టాడు. పిల్లలు గెంతులు, మావయ్యలు గెంతులు. ఏడింటికి వాళ్ళ అమ్మానాన్నల్ని తీసుకురావడానికి స్టేషన్‌కి బయల్దేరదామని తాళం తిప్పితే సెల్ఫ్ తీసుకోలేదు. టిక్కు టిక్కుమని ఊరుకుంది. అత్తారింటి వీధిలో, చుట్టాలందరి ముందూ, ఊరివాళ్ళంతా కలిసి అల్లుడుగారి కారు తొయ్యడం... ఆ అవమానం సంగతి అల్లుళ్ళకే తెలియాలి :)

లెక్క చూడండి. ఇంజను ఆపి మూడు గంటలు పాటలు. సగటున 15 ఆంపియర్లు లాగిందనుకుంటే 45 ఆంపియర్-అవర్లు. ఆయనది 60 ఆంపియర్-అవర్ బ్యాటరీ. చావక ఏం చేస్తుంది? మధ్యలో రెండుసార్లు ఇంజను ఓ పావుగంట తిప్పినా, సౌండు కాస్త తగ్గించినా ఈ గొడవ లేదు. అంటే దీనికి మందు ఉచితం. కానీ ఉచిత మందు ఎవడిక్కావాలి? హైదరాబాద్ రాగానే బావ నన్ను వెంటేసుకుని సౌండు సిస్టమ్ దుకాణానికి వెళ్ళాడు. "మా బామ్మర్ది ఎలక్ట్రికల్ ఇంజనీరు" అని పరిచయం కూడా చేశాడు. దుకాణం పేరు చెప్పను, చెప్పి లాభం లేదు. ఇంకో పది దుకాణాల్లోనూ జరిగేది ఇదే.

ఓనరు మొదటి మాటే "రెండో బ్యాటరీ పెట్టేద్దాం సార్, పవర్ డబుల్ అయిపోతుంది". ఇదిగో, ఇక్కడే పట్టుకోవాల్సింది. బ్యాటరీ కరెంటు పుట్టించదు, దాచుకుంటుంది. ఇంజను నడుస్తున్నంతసేపూ కారులో కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్ (పాత మెకానిక్కుల భాషలో డైనమో). అది ఇచ్చేది సుమారు 13.8 నుంచి 14.4 వోల్టులు. నిండుగా ఉన్న బ్యాటరీ ఊరికే కూర్చున్నప్పుడు చూపించేది 12.6 చిల్లర. కారు నడుస్తున్నప్పుడు బ్యాటరీ ఇచ్చేది కాదు, పుచ్చుకునేది. మీ అపార్ట్‌మెంటులో బోరు నీళ్ళు చాలడం లేదని మేడ మీద ఇంకో ట్యాంకు కట్టిస్తే నీళ్ళు డబుల్ అవుతాయా? రెండు ట్యాంకులూ నింపలేక ఆ మోటారే చస్తుంది. రెండో ట్యాంకు పనికొచ్చేది మోటారు ఆగినప్పుడు. రెండో బ్యాటరీ కూడా అంతే, ఇంజను ఆగినప్పుడు పాటలు వినడానికి, మహా అయితే ఓ పెద్ద బేస్ దెబ్బ పడ్డ క్షణంలో వోల్టేజి మరీ జారిపోకుండా చూడ్డానికి.

సరే, యాంపుకి నిజంగా ఎంత కావాలి? పెట్టె మీద 2000 వాట్లని బంగారు అక్షరాలు. యాంపు పక్కన గుచ్చిన ఫ్యూజులు చూస్తే 30 ఆంపియర్లవి రెండు. 60 ఆంపియర్లని 13.8తో హెచ్చిస్తే 828 వాట్లు. లోపలికి వెళ్ళేదే 828 అయితే బయటికి 2000 ఎలా వస్తుంది? ఆ రకం యాంపులో సగానికి కాస్త పైన మాత్రమే శబ్దమవుతుంది, మిగతాది వేడి. అంటే గట్టిగా లాగితే 450. అదీ ఫ్యూజు అంచు దాకా వెళ్తే. మామూలు పాటలకి సగటు ఇంకా చాలా తక్కువ. 90 ఆంపియర్ల ఆల్టర్నేటర్ దాన్ని దర్జాగా మోస్తుంది. ఈ లెక్కకి బీటెక్ కూడా అక్కర్లేదు, పదో తరగతి భౌతికశాస్త్రం చాలు. నేను ఆ రోజు వేశానా? లేదు. ఆన్‌సైట్ వాళ్ళతో ఫోన్‌లో ఉన్నాను.

అన్నట్టు, అదే కౌంటర్లో నీలం లైటు వెలిగే కెపాసిటర్ కూడా చూపించాడు. ఒక ఫారడ్. "దీనితో బేస్ అదిరిపోద్ది సార్." 14 వోల్టుల నుంచి 12కి దిగేలోపు అది ఇచ్చే శక్తి 26 జౌళ్ళు. వెయ్యి వాట్ల దగ్గర 26 మిల్లీ సెకన్లు. రెప్పపాటు దీనికంటే ఎక్కువసేపు పడుతుంది. దాన్ని మాత్రం కొనలేదు, రంగు నచ్చలేదని.

మూడు గంటల్లో పని అయిపోయింది. బిల్లు 18 వేల చిల్లర. రెండు బ్యాటరీల మధ్య రిలే ఉందా అని ఎవరం అడగలేదు. లేదు. అంటే రెండూ ఎప్పుడూ కలిసే ఉంటాయి, ఇంజను ఆపి పాటలు పెడితే రెండూ కలిసే ఖాళీ అవుతాయి. ఏ భోగి అవమానం కోసం ఇదంతా చేయించాడో, వచ్చే భోగికి అదే అవమానం కాస్త ఆలస్యంగా, రెండు బ్యాటరీలతో జరుగుతుందన్నమాట. వోల్టేజిని చూసి కలిపే, విడదీసే రిలే ఒకటుంటే ముందు బ్యాటరీ సెల్ఫ్ కోసం భద్రంగా ఉండేది. రెండో బ్యాటరీ పెట్టించడానికి ఉన్న ఒకే ఒక్క సబబైన కారణం అదే. దాన్నే వదిలేశారు.

మూడు వారాలకి హెడ్‌లైట్లు బేస్‌తో పాటు తాళం వేయడం మొదలెట్టాయి. స్పీకర్లలో కుయ్‌మని ఒక కూత, యాక్సిలరేటర్ తొక్కితే పైకి, వదిలితే కిందకి. ఫోన్ చేస్తే "కంపెనీ స్టీరియో వీక్ సార్" అన్నారు. ఓ ఆదివారం వికారాబాద్ వెళ్ళి తిరిగొస్తున్నాం. వెనక సీట్లో అక్క, అయిదేళ్ళ మేనకోడలు. "మావయ్యా, ప్లాస్టిక్ వాసన" అంది అది. నేను పట్టించుకోలేదు, బయట ఎవరో చెత్త తగలబెడుతున్నారేమో అనుకున్నా. రెండో నిమిషంలో డాష్‌బోర్డు సందుల్లోంచి సన్నగా పొగ. బావ కారు పక్కకి ఆపాడు, అక్క పిల్లని ఎత్తుకుని రోడ్డు దాటి అవతలికి పరిగెత్తింది. నేను బానెట్ ఎత్తి స్పానర్ వెతుక్కుని ముందు బ్యాటరీ కేబుల్ పీకేసి, హమ్మయ్య అనుకున్నా. పొగ ఆగలేదు! ఆ తర్వాత గుర్తొచ్చింది, డిక్కీలో ఇంకో బ్యాటరీ ఉందని. సామానంతా రోడ్డు మీద పారేసి దాన్ని పీకేదాకా ఆగలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. స్టీరియో పోయింది, అంతే. మర్నాడు దుకాణానికి తీసుకెళ్తే కుర్రాడు మల్టీమీటర్ తెచ్చాడు. బీప్ గుర్తు మీద పెట్టి, ఒక పిన్ను ఎర్తు బోల్టు మీద, ఇంకోటి బాడీ మీద. బీప్. "ఎర్తు పర్ఫెక్ట్ సార్, బీప్ వచ్చింది కదా. స్టీరియోనే పోయింది, కొత్తది 12 వేలల్లో ఉంది." బావ పర్సు తీయబోయాడు. నాకప్పుడు, చదువు అయిపోయిన ఆరేళ్ళకి, మొదటిసారి నేను చదివినదేదో గుర్తొచ్చింది.

ఆ బీప్ సంగతి చెప్పుకోవాలి. చాలా మీటర్లలో 30, 50 ఓమ్‌ల లోపు ఏమున్నా బీప్ కొడుతుంది. ఎర్తులో 0.05 ఓమ్‌లు ఉంటేనే కొంప మునుగుతుంది. అంటే ఈ పరికరం వెయ్యి రెట్లు పెద్ద తప్పుని కూడా "పర్ఫెక్ట్" అంటుందన్నమాట. పోనీ ఓమ్‌లలో పెట్టి చూద్దామా అంటే మీటరు తీగలకే 0.2, 0.3 ఓమ్‌లు ఉంటాయి. కిరాణా కొట్టు కాటా మీద బంగారం తూచినట్టు. ఎర్తుని పరీక్షించడానికి ఒకటే పద్ధతి: యాంపు గట్టిగా లాగుతున్నప్పుడు, మీటరు వోల్టుల్లో పెట్టి, ఒక పిన్ను డిక్కీ బ్యాటరీ నెగెటివ్ కొమ్ము మీద, రెండోది శుభ్రంగా గీకిన బాడీ రేకు మీద. 0.1 లోపు ఉంటే బాగున్నట్టు. అంత కరెంటూ ఆ దారినే పోతోంది కాబట్టి, దారి ఎంత ఇరుకో వోల్టులే చెప్తాయి.

ఇంటికెళ్ళి ఫ్రెండు దగ్గర క్లాంప్ మీటర్ అరువు తెచ్చాను, పాత స్టీరియో ఒకటి తగిలించాను. ఇంజను స్టార్ట్ చేసి ఫోన్‌లోంచి 50 హెర్ట్జ్ మోత ఆపకుండా పెట్టాను. ముందు బ్యాటరీ దగ్గర 13.7. డిక్కీ బ్యాటరీ దగ్గర 11.5. మధ్యలో 2.2 వోల్టులు మాయం. ఎర్ర వైరు పొడుగునా పోయింది 0.3. మిగతా 1.9 ఎర్తులో పోయింది! నల్ల వైరులో 40 ఆంపియర్లు నడుస్తున్నాయి. 1.9ని 40తో హెచ్చిస్తే 76 వాట్లు. మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. మూడు సోల్డరింగ్ ఐరన్లు ఒక్క బోల్టు కింద, ప్లాస్టిక్ కార్పెట్ కప్పుకుని కూర్చున్నాయి.

కార్పెట్ ఎత్తితే కనిపించింది. వెనక సీటు బెల్టు బోల్టు విప్పి, వైరు కొసన రింగు పెట్టి, అదే బోల్టు మళ్ళీ బిగించారు. కింద పెయింట్ గీకలేదు. పెయింట్ విద్యుత్తుకి అడ్డం అని చెప్పాలా? కరెంటంతా బోల్టు మరల్లోంచి ఎక్కడో చిన్న ఆనికలో దూరి వెళ్తోంది. రింగు కూడా పట్టుకారుతో నొక్కి, పైన టేపు చుట్టారు. ఇంతకీ ఆ బెల్టు ఎవరిది? మా మేనకోడలు పెట్టుకునేది. బండి దేన్నైనా గుద్దుకుంటే పిల్లని ఆపాల్సిన బోల్టు. దాన్ని విప్పి మధ్యలో అరంగుళం రేకు ముక్క దూర్చి, ఎంత బలంగా బిగించాలో కొలవకుండా వదిలేశారు.

మరి పొగ డాష్‌బోర్డులోంచి ఎందుకొచ్చింది? లోపలికి వెళ్ళిన కరెంటు ఎలాగైనా వెనక్కి రావాలి. ఎర్తు దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటుంది. స్టీరియో నుంచి యాంపుకి పాట మోసుకెళ్ళే సన్నటి ఆర్సీఏ తీగ ఉంటుంది కదా, దాని పైనుండే కవచం రెండు వైపులా ఎర్తుకే కలుస్తుంది. చౌక యాంపుల్లో అయితే నేరుగానే. మిల్లీ ఆంపియర్ల కోసం చేసిన ఆ జానెడు దారిలోంచి ఆంపియర్లకి ఆంపియర్లు స్టీరియోలోకి వచ్చి, లోపలి సన్న రాగి గీతల్ని కాల్చేశాయి. ఆ కుయ్‌మనే కూత కూడా అక్కడిదే. తప్పు డిక్కీలో, పొగ డాష్‌బోర్డులో. మన భాషలో చెప్పాలంటే బగ్ ఒక మాడ్యూల్‌లో, క్రాష్ ఇంకో మాడ్యూల్‌లో. దుకాణంవాడు స్టాక్ ట్రేస్ చివరి లైను చూసి కొత్త స్టీరియో అమ్మబోయాడు. కొత్తది పెట్టినా మూడు వారాల్లో అదే గతి.

ఇక ఫ్యూజు. ఇదే నా వాటా. ముందు బ్యాటరీ పక్కన ఒక ఫ్యూజు ఉంది, 100 ఆంపియర్లది. డిక్కీ బ్యాటరీ పక్కన లేదు. ఎర్ర వైరు డ్రైవర్ తలుపు కింద గుమ్మం పట్టీలోంచి వెళ్తుంది. అక్కడ ఎప్పుడైనా స్క్రూ గుచ్చుకునో, తొక్కిడికి ఒరుసుకునో వైరు బాడీకి తగిలితే ముందు ఫ్యూజు ఎగిరిపోతుంది, శుభం. కానీ వైరు రెండో కొసన ఇంకో బ్యాటరీ ఉంది కదా! అది ఏ అడ్డూ లేకుండా వెయ్యి ఆంపియర్ల దాకా పోయగలదు. వేలెడు లావు వైరు కూడా పొయ్యిలో చువ్వలా ఎర్రబడుతుంది. వైరుకి రెండు వైపులా బ్యాటరీలుంటే రెండు వైపులా ఫ్యూజులుండాలి, అదీ బ్యాటరీకి జానెడు, మూరెడు దూరంలోనే.

ఆ రోజు దుకాణంలో కుర్రాడు నన్నడిగాడు. "వెనకాల కూడా ఫ్యూజు వేయమంటారా సార్, 450 అవుద్ది" అని. నేను ఫోన్ మ్యూట్‌లో పెట్టి "ముందొకటి ఉందిగా, మళ్ళీ ఎందుకు" అన్నాను. ఇంజనీరు గారన్నారు కదా, వాడు కొట్టేశాడు. 18 వేల బిల్లులో నేను ఆదా చేసిన 450 అది. పిల్లని ఎత్తుకుని అక్క రోడ్డు దాటుతున్నప్పటి మొహం గుర్తొచ్చినప్పుడల్లా ఆ 450 గుర్తొస్తోంది.

అందుకే కుర్రాడిని నేను తిట్టను. వాడికి పట్టుకారు, టేపు ఇచ్చి రోజుకి అయిదు కార్లు పూర్తి చెయ్యమన్న ఓనరుని తిడతాను. మామూలుగా నీళ్ళు పోసే బ్యాటరీని మనుషులు కూర్చునే చోట పెట్టినందుకు తిడతాను. చార్జ్ అయ్యేటప్పుడు దాన్లోంచి హైడ్రోజన్ వస్తుంది, గాలిలో 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వ మిగతాది చూసుకుంటుంది. క్యాబిన్‌లో పెట్టాలంటే సీల్ చేసిన ఏజీఎమ్ రకం పెట్టాలి. పదిహేను కిలోల పైన బరువున్న ఆ డబ్బాని క్లాంపుతో కాకుండా నైలాన్ తాడుతో కట్టినందుకు కూడా తిడతాను. అంతకంటే ఎక్కువ మనల్ని తిడతాను. ఒక నల్ చెక్ లేదని పక్కవాడి కోడ్ వెనక్కి పంపుతాం. ప్రొడక్షన్‌కి వెళ్ళేముందు నాలుగు అప్రూవల్స్ అడుగుతాం. పెళ్ళాం పిల్లలు కూర్చునే బండిలో వెయ్యి ఆంపియర్ల వస్తువు పెట్టించి, డిక్కీ కార్పెట్ ఎత్తి చూడం. ఎత్తితే చేతులకి మట్టి అవుతుంది మరి.

"లక్షల కార్లు ఇలాగే తిరుగుతున్నాయి, ఏమైంది?" అంటాడు మా టీమ్‌లో ఒకడు. హెల్మెట్ లేకుండా కూడా లక్షలమంది తిరుగుతున్నారు. ఏమీ కాకపోవడం వైరింగు బాగుందనడానికి సాక్ష్యం కాదు, ఇంకా ఒరుసుకోలేదనడానికి సాక్ష్యం. పైగా ఇలా బయట పెట్టించిన ఎలక్ట్రికల్ సామాను ఇన్సూరెన్స్ పాలసీలో విడిగా రాయించాలి. మీలో ఎంతమంది రాయించారు? బండి కాలాక సర్వేయర్ అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి. ఇంకొకడు "నిజంగా పెద్ద సిస్టమ్ ఉన్నవాళ్ళకి రెండో బ్యాటరీ కావాలి కదా" అన్నాడు. కావాలి, కాదనలేదు. వాళ్ళు ముందు పెద్ద ఆల్టర్నేటర్ వేయించుకుంటారు, ఆ తర్వాతే బ్యాటరీ.

ఎర్తు నేనే మళ్ళీ వేశాను, మా వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ పెద్దాయన సాయంతో. "పోయిన కరెంటు ఇంటికి తిరిగి రావాలి కద సార్" అంటూ ఆయన చేసిందంతా ఇరవై నిమిషాల పని. డిక్కీ అడుగున పెట్రోలు ట్యాంకు, పైపులు లేని చోటు కిందనుంచి చూసి ఎంచుకున్నాడు. రూపాయి బిళ్ళంత మేర పెయింట్ గీకి రేకు మెరిసేలా చేశాడు. ఎర్ర వైరు ఎంత లావో నల్లదీ అంతే లావు, అర మీటరు కూడా లేదు. రింగు సరైన ప్రెస్‌తో నొక్కి, రేకుకి నేరుగా ఆనించి, పళ్ళున్న వాషరు వేసి, నట్టు బోల్టుతో బిగించాడు. స్క్రూ కాదు. తుప్పు పట్టకుండా పైన పెయింట్. ముందు వైపు కూడా బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి ఉన్న కంపెనీ వైరు సన్నగా ఉందని ఇంకోటి తోడు వేశాడు. వెనక్కొచ్చే కరెంటంతా చివరికి దూరాల్సింది అందులోంచే కదా. కొత్త కార్లున్నవాళ్ళకి ఒక్క మాట: నెగెటివ్ కొమ్ము మీద చిన్న సెన్సార్ డబ్బా ఉంటే, మీ వైరు నేరుగా కొమ్ముకి తగిలించకండి, బాడీకే ఇవ్వండి. లేకపోతే ఎంత కరెంటు పోతోందో కారుకి తెలియక చార్జింగ్ లెక్క తప్పుతుంది.

బెల్టు బోల్టు మాత్రం షోరూమ్‌కి తీసుకెళ్ళి కొత్తది వేయించి, సరైన బిగువుకి బిగింపించాం. డిక్కీ బ్యాటరీని రాత్రంతా విడిగా చార్జ్ చేసి మర్నాడు మళ్ళీ అదే 50 హెర్ట్జ్ మోత పెట్టాను. ఎర్తులో 0.06. డిక్కీలో 13.3. లైట్లు తాళం వేయడం మానేశాయి, కూత పోయింది. "చూశావా, ఇప్పుడు బేస్ ఎంత బాగుందో, రెండో బ్యాటరీ మహిమ" అన్నాడు బావ. నేనేం మాట్లాడకుండా ఆ బ్యాటరీ పీకేసి యాంపుని ముందు బ్యాటరీ వైరుకే కలిపి అదే పాట మళ్ళీ పెట్టాను. తేడా చెప్పమన్నాను. చెప్పలేకపోయాడు.

ఆ బ్యాటరీ ఇప్పుడు మా బాల్కనీలో తులసికోట పక్కన ఉంది, అమ్మ రోజూ దాన్ని తీసెయ్యమని గోల. వచ్చే శనివారం ఆఫీసులో మిగతా నాలుగు కార్ల డిక్కీలూ తెరుస్తున్నాం. మీటరు నాది, టిఫిన్లు వాళ్ళవి.